ఒక్కో టపాకి ఒక్కో తప్పు

మా మెట్ల కింద కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టు ఉంది. మధ్యలో నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. అందులో నలభై ఏళ్లుగా కూర్చుంటున్న మనిషిని వీధి వీధంతా డాక్టరు గారు అంటుంది. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. ఎవరైనా మిషన్ తెచ్చి బల్ల మీద పెడితే ఆయన ముందు ఏమీ అడగడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను మిషన్ ఒంటికి ఆనించి, పిడిని తన చెవికి ఆనించుకుని, "ఊఁ, తిప్పమ్మా" అంటాడు. తెచ్చినావిడ చక్రం తిప్పుతుంది. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. రోగి బంధువులాగా ఆవిడ ఊపిరి బిగబట్టుకుని ఆయన మొహంలోకి చూస్తుంది. అందుకని డాక్టరు.

కొట్టు ముందు భాగంలో దారాలు, గుండీలు, జిప్పులు అమ్ముతూ ఆయన భార్య కూర్చుంటుంది. ఆవిడది తక్కువ మాట. కానీ ఆ తక్కువలో ఒక్కటీ వృథా పోదు.

నేను పై వాటాలో ఉంటాను. లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగం ముప్పై నాలుగేళ్లు చేశాను. "నిశ్శబ్దం" అని బోర్డు ఉన్న గదిలో అన్నేళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి చదవడం తప్ప మాట్లాడటం పెద్దగా అబ్బలేదు. సాయంత్రం టీ తాగి కాసేపు కిందికి దిగి, ఆ కొట్టులో స్టూలు మీద కూర్చుని వస్తాను. ఎదురుగా పై అరలో పాత బెల్టుల చుట్టల పక్కన ఆకుపచ్చ గుడ్డ కప్పిన మిషన్ ఒకటి కనబడుతూ ఉంటుంది. అదెవరిదని కొత్తవాళ్లు అడిగితే డాక్టరు గారు "దాని కథ పెద్దది" అని మాట తప్పిస్తాడు. దాని కథ చాలా చిన్నది. చివర్లో చెబుతాను.

రెండేళ్ల కిందట ఆయన కుడిచేతికి వణుకు మొదలైంది. పెద్ద పనులకి అడ్డం రాదు. బాబిన్ పెట్టుకునే డబ్బీకి నువ్వుగింజంత మర ఉంటుంది చూడండి, అది పట్టుకున్నప్పుడు మాత్రం జారి కిందపడుతుంది. పడితే భార్య లేచి అయస్కాంతంతో వెతికి, తనే బిగించి, ఏమీ అనకుండా మళ్లీ గుండీల దగ్గరికి వెళ్లిపోతుంది. ఆ ఏమీ అనకపోవడమే ఆయనకి భయం పుట్టించింది. ఇన్నేళ్లుగా చెవిలో పోసుకున్నదంతా తనతోనే పోతుందేమోనని బెంగ పట్టుకుంది.

వాళ్ల కోడలు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది. ఆ అమ్మాయే ఒక ఆదివారం కూర్చుని బ్లాగు తయారుచేసి ఇచ్చింది. "మావయ్యగారూ, మీకు తెలిసిందంతా ఇందులో రాసెయ్యండి. ఎక్కడెక్కడివాళ్లో చదువుతారు," అంది. దానికి "మిషన్ మాట్లాడుతుంది" అని ఆయనే పేరు పెట్టాడు. మంగళవారం ఒక టపా, శుక్రవారం ఒక టపా, ఫోను మీద ఒంటివేలితో రాయడం మొదలుపెట్టాడు.

"ఏమండీ," అంది భార్య మొదటి రోజే, "ఆ వేలికి మాత్రం వణుకు లేదేం?"

మూడు నెలలు రాశాడు. సూది గురించి రాశాడు, బెల్టు గురించి రాశాడు, పాదం కింద గుడ్డను ముందుకి నెట్టే ఇనప పళ్ల గురించి రెండు భాగాలు రాశాడు. నేను పైన టాబ్‌లో ప్రతిదీ చదివేదాన్ని. మంచి రాత. ఎక్కువ తక్కువలు లేకుండా, మర ఎంత తిప్పాలో అంతే తిప్పే మనిషి రాసినట్టు ఉండేది. కానీ కింద వ్యాఖ్యలు రాసుకోవడానికి వదిలిన చోటు మాత్రం ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా ఉండేది.

"నలభై మంది చదువుతున్నారు మావయ్యగారూ," అంది కోడలు ఏవో లెక్కలు చూసి.

"చదివి?"

"వెళ్లిపోతున్నారు."

"నలభై మంది కొట్టులోకొచ్చి, అన్నీ చూసి, ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్లిపోతే నేను పోలీసుల్ని పిలుస్తానమ్మా."

"చివర్లో ఒక ప్రశ్న అడగండి. ప్రశ్న ఉంటే జవాబు రాస్తారు."

ఆయన అడిగాడు. "మీ మిషన్ ఎలా ఉంది?" అని పెళ్లివారి క్షేమసమాచారంలా అడిగాడు. వారం తర్వాత ఒక వ్యాఖ్య వచ్చింది. బట్టతల మీద వెంట్రుకలు మొలిపించే మందు గురించి. పంపింది మనిషి కాదనీ, ఎక్కడో ఏదో యంత్రం అందరికీ ఇలాగే పంపుతుందనీ ఆయనకి తెలీదు. "మీరు నా టపా చదివినందుకు సంతోషం. మా దగ్గర మీ మిషన్‌కి సంబంధించి ఏ ఇబ్బంది ఉన్నా అడగవచ్చు. మందు గురించి ఇంట్లో మాట్లాడి చెబుతాను," అని మర్యాదగా మూడు వాక్యాలు జవాబు రాశాడు. కోడలు అది చూసి ఆఫీసులో బల్ల మీద తల పెట్టుకుని నవ్విందట.

నాతో మాత్రం ఆయన నవ్వకుండా అన్నాడు. "అక్కగారూ, మిషన్ ముందు కూర్చుంటే అది నాకు జవాబు చెబుతుంది. దీని ముందు కూర్చుంటే గోడకి చెప్పినట్టుంది. అందుతోందో లేదో తెలీకుండా ఎంతకాలమని చెబుతాం? ఈ నెలాఖరుదాకా చూసి మానేస్తాను." ఆగి, నావైపు ఓరగా చూశాడు. "మీరైనా ఒక ముక్క రాయచ్చు కదా. చదువుతున్నారని నాకు తెలుసు."

"నాకేం తెలుసని రాయను?" అన్నాను.

"తెలిసినవాళ్లే రాస్తారా ఏంటి?" అన్నాడు. నేను మాట మార్చాను.

ఆ నెలాఖరు టపాలో పొరపాటు జరిగింది. సూది ఎలా పెట్టాలో ఫొటో తీసి పెట్టాడు. సూదికి ఒకవైపు పొడుగ్గా గాడి ఉంటుంది. దారం ఏ వైపు నుంచి వస్తుందో గాడి ఆ వైపుకి ఉండాలి. ఫొటోలో సూది తిరగబడి ఉంది. చెయ్యి వణికిందో, కళ్లజోడు మరిచాడో.

మర్నాడు పొద్దున్నకి ముప్పై ఒక్క వ్యాఖ్యలు!

"సూది తిరగేసి పెట్టి మాకు పాఠాలా?" అని ఒకావిడ. పేరు ఎర్రదారం అని పెట్టుకుంది. "ఇరవై ఆరేళ్లుగా మిషన్లు బాగుచేస్తున్నాను, ఇలాంటి ఫొటో ఎక్కడా చూడలేదు" అని ఇంకొకాయన. ఆయన పేరు గుండీ. "అందుకేనా నాకు కుట్లు ఎగిరిపోతున్నాయి? నేనూ ఇలాగే పెట్టాను!" అని కొత్తకోడలు అనే అమ్మాయి. దాంతో మిగతావాళ్లంతా ఆ పిల్ల మీద పడ్డారు. ఏ వైపు గాడి, ఎంత పైకి తొయ్యాలి, మర ఎంత బిగించాలి అని తలా ఒకటి చెప్పారు. చివరికి కొత్తకోడలు "కుట్టు పడింది! పడింది!" అని రాసింది. అందరూ శుభాకాంక్షలు చెప్పుకున్నారు. పెళ్లి జరిగినట్టుంది.

ఆ సాయంత్రం నేను కిందికి దిగేసరికి డాక్టరు గారు స్టూలు మీద బుద్ధిగా కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడేమో, ఓదార్చాలేమో అనుకుంటూ వెళ్లాను. ఆయన మొహంలో దొంగ వెన్న తిన్న పిల్లాడి వెలుగుంది.

"ఒప్పు రాస్తే నోరెత్తరు అక్కగారూ. తప్పు రాస్తే పరిగెత్తుకొస్తారు," అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

తర్వాతి మంగళవారం గుడ్డ అడుగున దారం ఉండలు కట్టడం గురించి రాశాడు. అడుగున ఉండలు కడితే లోపం పై దారంలో ఉంటుంది. అన్నేళ్లు పక్కన కూర్చుంటే నాకే తెలిసిన సంగతి. టపాలో మాత్రం "బాబిన్ మర బిగించండి" అని ఉంది. శుక్రవారం ఇంకోటి. ఆపై మంగళవారం ఇంకోటి. నేను కిందికి వెళ్లి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాను.

"కావాలనే చేస్తున్నారా?"

ఆయన సొరుగు లాగి చిన్న నోటుపుస్తకం తీశాడు. మూడు గళ్లు గీసి ఉన్నాయి. తేదీ, పెట్టిన తప్పు, అసలు సంగతి. అక్షరాలు వంకర్లు తిరిగినా గీతలు మాత్రం తిన్నగా ఉన్నాయి. "టపాకి ఒకటే. రెండు పెడితే బొత్తిగా చేతకానివాడు అనుకుంటారు. ఎవరికీ నష్టం లేనిది పెడతాను. గంటలో ఎవరో ఒకరు సరిచేస్తారు," అన్నాడు. "మీరు ఎవరితోనూ అనరు. నోరు మూసుకుని కూర్చోవడం మీకు ఉద్యోగంలోనే అలవాటు."

తప్పు పెట్టడంతోనే ఆయన పని అయిపోయేది కాదు. అసలు నేర్పంతా ఆ తర్వాత. ఎవరైనా తప్పు పట్టుకోగానే ఒప్పేసుకునేవాడు కాదు. "మీరు చెప్పింది ఆలోచించాల్సిందే," అని రాసి ఊరుకునేవాడు. ఆ వాక్యానికి గుండీకి ఒళ్లు మండిపోయేది. "ఆలోచించేదేముంది అందులో!" అని పేజీడు రాసేవాడు. అందులో ఒక చిన్న మాట పట్టుకుని డాక్టరు గారు, "మరి ఎర్రదారం గారు మొన్న వేరేలా చెప్పారే?" అని అగ్గిపుల్ల గీసేవాడు. ఎర్రదారం వచ్చేది. వాళ్లిద్దరి మధ్యలోకి కొత్తకోడలు "అయ్యో, నేను ఎవరు చెప్పినట్టు చెయ్యాలి?" అంటూ వచ్చేది. మూడోరోజు ఆయన అందరినీ పేరుపేరునా తలుచుకుని, తన తప్పు ఒప్పుకుని, వాళ్ల వల్లే నేర్చుకున్నానని ఆ వ్యాఖ్యల్లోనే రాసేవాడు. వాళ్లు ఉబ్బిపోయేవాళ్లు.

ఏడాది తిరిగేసరికి అక్కడికి మంగళ, శుక్రవారాల్లో తప్పకుండా వచ్చేవాళ్లు అరవై మంది అయ్యారు. తప్పు దొరికాక కూడా పోయేవాళ్లు కాదు. ఒకరి మిషన్‌కి పాదం విరిగితే ఇంకొకరు తమ దగ్గరున్న పాతది పోస్టులో పంపేవాళ్లు. కొత్తకోడలు కుట్టిన మొదటి చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వస్తే, ఆ ఫొటో కింద ఎనభై వ్యాఖ్యలు వచ్చాయి. "మీ ఆయన్ని ఒకవైపు వంగి నడవమనమ్మా" అన్న ఎర్రదారం వ్యాఖ్యని డాక్టరు గారు కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చదివి వినిపించాడు. ఇప్పుడు ఆయన వణుకు గురించి మాట్లాడటం మానేశాడు.

వచ్చిన చిక్కల్లా నూనెతో వచ్చింది.

పెట్టడానికి చిన్న తప్పులు అయిపోతున్నాయి. ఒక శుక్రవారం మిషన్‌కి నూనె వేయడం గురించి రాస్తూ, "మిషన్ నూనె దొరక్కపోతే వంటింట్లో నూనె అయినా ఫర్వాలేదు" అని పెట్టాడు. ఇంతకన్నా పచ్చిగా కనబడే తప్పు ఉండదని ఆయన ధీమా. వంటనూనె మిషన్‌లో వేస్తే కొన్నాళ్లకి జిగురులా గడ్డకట్టి ప్రతి కీలునీ పట్టేస్తుంది. నిజంగానే పావుగంటలో గుండీ విరుచుకుపడ్డాడు. ఎర్రదారం, "దాంట్లో నాలుగు ఆవాలు కూడా వెయ్యమంటారా?" అంది. డాక్టరు గారు "ఆలోచించాల్సిందే" అన్నాడు. ముచ్చటగా జరిగిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు గడిచాయి.

ఒక గురువారం పొద్దున్న మూడు వీధుల అవతలుండే కర్టెన్ల ఆవిడ వచ్చింది. స్కూళ్లకీ ఆఫీసులకీ తెరలు కుడుతుంది. చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. స్కూటరు ముందు భాగంలో మిషన్‌ని చంటిపిల్లలా పెట్టుకుని వచ్చి బల్ల మీద దించింది. ఆ సరికి నేను పాల కోసం కిందికి దిగి అక్కడే ఉన్నాను.

డాక్టరు గారు స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని, "తిప్పమ్మా," అన్నాడు.

"తిరిగితే నీ దగ్గరికెందుకొస్తాను బాబాయ్? రాయిలా బిగుసుకుపోయింది. శనివారానికి స్కూలు స్టేజీ తెర ఇవ్వాలి. సగం కుట్టాను."

ఆయన మూత తీసి వేలితో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం మారిపోయింది.

"ఇందులో ఏం పోశావు?"

"నువ్వు చెప్పిందే పోశాను," అంటూ ఆవిడ సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "నీ రాతలు మా అమ్మాయి ప్రింటు తీయించి ఇస్తుంది. నాకు ఫోనులో చదవడం రాదు కదా, గోడకి అంటించుకుంటాను. ఇదిగో. వంటింట్లో నూనె అయినా ఫర్వాలేదు అని రాశావా లేదా?"

"రాశాను," అన్నాడు నెమ్మదిగా. "కానీ దాని కింద..."

"కింద ఏముంది?"

కాగితం తిప్పి చూశాడు. నేనూ వంగి చూశాను. కింద వ్యాఖ్యలు లేవు. టపా ఎక్కడ అయిపోయిందో అక్కడే ప్రింటూ అయిపోయింది. గుండీ కోపం లేదు, ఎర్రదారం ఆవాలు లేవు. జిరాక్సు షాపు ముద్ర ఒక్కటి ఉంది.

"కింద షాపువాడి ఫోను నంబరుంది. వాడినడగమంటావా?" అంది ఆవిడ.

భార్య గుండీల పెట్టె సర్దడం ఆపి ఇటు చూసింది. కర్టెన్ల ఆవిడ ఆయన వణుకుతున్న చేతిని చూసింది. ఆ చూపులో కోపం పోయి జాలి వచ్చింది. అదే కొంప ముంచింది.

"పోన్లే బాబాయ్," అంది మెత్తగా. "నీ తప్పు కాదు. వయసు. మా నాన్న కూడా చివర్లో ఇలాగే, ఉప్పనుకుని చక్కెర వేసేవాడు. నువ్వు శ్రమపడకు. బజారు చివర కొత్త కొట్టుకి తీసుకెళ్తాలే. మనవాళ్లందరికీ కూడా చెబుతాను, ఇంక నిన్ను ఇబ్బంది పెట్టద్దని."

తిట్టినా ఆయన తట్టుకునేవాడు. నలభై ఏళ్లు చెవితో రోగం కనిపెట్టిన మనిషికి మతి పోయిందని మూడు వీధులూ చెప్పుకుంటాయి. కాదు, మతి ఉండే చేశాను అంటే ఆ సంగతి బ్లాగుదాకా పాకుతుంది. ఏడాదిగా మనల్ని ఆడించాడన్నమాట అనుకుని అరవై మందీ లేచిపోతారు. పేరు నిలబెట్టుకోవాలంటే మనుషుల్ని వదులుకోవాలి, మనుషుల్ని నిలబెట్టుకోవాలంటే పేరు వదులుకోవాలి.

ఆవిడ మిషన్ ఎత్తబోయింది. ఆయన దాని మీద చెయ్యి వేశాడు. రెండో చేత్తో సొరుగు లాగి నోటుపుస్తకం ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ చదివింది. పేజీ తిప్పింది. మళ్లీ చదివింది.

"రాసుకుని మరీ తప్పు చేశావా?"

"జనం మాట్లాడతారని..."

"మతిమరుపనుకుని జాలిపడ్డాను కదయ్యా! మతి ఉండి చేశావా ఇదంతా?" ఆవిడ గొంతు వీధిలోకి వినబడింది. జిప్పు కొనడానికి వచ్చినాయన కొనకుండా నిలబడిపోయాడు. "నీ సరదాకి నా స్టేజీ తెర పోతోంది! పిన్నీ, నీకు తెలుసా ఈ సంగతి?"

"నాకు చెబితే చేయనిస్తానా?" అంది భార్య. తర్వాత నావైపు చూసింది. నేను పాల గిన్నెలోకి చూసుకున్నాను.

ఆ రోజంతా కొట్టులో వేరే పని జరగలేదు. మిషన్‌ని విప్పి ముక్కముక్కా కిరసనాయిలులో నానబెట్టారు. గట్టిపడ్డ జిగురుని ఆయన పాత పళ్ల బ్రష్షుతో తోముతుంటే, చిన్న మరలన్నీ భార్య విప్పి, భార్యే బిగించింది. కర్టెన్ల ఆవిడ స్టూలు మీద చేతులు కట్టుకుని పరీక్ష హాల్లో టీచరులా కూర్చుంది. నాలుగింటికి మిషన్ తిరిగింది. ఆయన స్క్రూడ్రైవరు ఆవిడ చేతికే ఇచ్చి, "నువ్వే విను," అన్నాడు. ఆవిడ చెవికి ఆనించుకుని చక్రం తిప్పింది. మొహంలో కోపం ఉంచుకోవడానికి కష్టపడటం స్పష్టంగా కనబడింది.

"బాగానే ఉంది," అంది. "ఇప్పుడు వాళ్లందరికీ చెప్పు."

"చెబితే పోతారమ్మా."

"పోతే పోతారు. నాలాంటిది ఇంకొకతె గోడకి అంటించుకుని ఉంటే? ఇంకోటి కూడా. ఇకమీద తప్పు పెడితే మొదటి వరుసలోనే, పెద్ద అక్షరాలతో, ఇందులో ఒక తప్పుంది అని రాయి. ప్రింటులో వచ్చేలా రాయి."

ఆయన దిక్కులు చూశాడు. భార్య లేచి, ఛార్జింగులో ఉన్న ఫోను తీసి ఆయన ముందు పెట్టింది. అంతే.

శుక్రవారం టపా పేరు "ఈసారి తప్పు లేదు." అందులో అంతా ఉంది. తిరగబడ్డ సూది నుంచి వంటనూనె దాకా, నోటుపుస్తకం ఫొటోతో సహా. "మీరు రాకపోతే నేను రాయడం మానేసి ఉండేవాణ్ని. అందుకని మిమ్మల్ని మోసం చేశాను. కోపం వస్తే తిట్టండి, కానీ కింద తిట్టండి. చదివి వెళ్లిపోకండి," అని రాశాడు. నాలుగో పేరాలో, "నలభై ఏళ్లలో నా కొట్టుకొచ్చిన మిషన్ ఏదీ బాగవకుండా ఉండిపోలేదు. ఆ మాట మీద మాత్రం నమ్మకం ఉంచండి," అన్నాడు.

గంటసేపు ఒక్కరూ మాట్లాడలేదు. ఆయన జిప్పులున్న డబ్బా మూడుసార్లు సర్దాడని తర్వాత భార్య చెప్పింది.

మొదట గుండీ వచ్చాడు. "నేను ఇరవై ఆరేళ్ల అనుభవంతో సరిచేసినవన్నీ మీరు ముందే ఎరగా పెట్టినవా?" అన్నాడు. ఇంకేమీ రాయలేదు. తర్వాత ఇద్దరు, ఇక రాము అని చెప్పి మరీ వెళ్లిపోయారు. కాసేపటికి ఎర్రదారం వచ్చింది. "అంత తేలిగ్గా వదిలేస్తామా? ఈసారి తప్పు లేదు అన్నదే తప్పు. ఎక్కడో పెట్టి ఉంటాడు. వెతకండర్రా!"

ఇంక చూడాలి. ఆ క్షమాపణని మిషన్ విప్పినట్టు విప్పేశారు. కిరసనాయిలు ఎంతసేపు నానబెట్టాలి అన్న దాని మీద ఇరవై వ్యాఖ్యలు. నోటుపుస్తకం ఫొటోలో ఒక తేదీ మంగళవారమూ శుక్రవారమూ కాక బుధవారం అయిందని పది. "తిట్టండి అన్నారు కానీ ఏ తిట్లో చెప్పలేదు, ఇది అసంపూర్ణ సమాచారం" అని కొత్తకోడలు. ఆ పిల్ల కూడా ఆరితేరింది. చివరికి గుండీ ఉండబట్టలేక మళ్లీ వచ్చాడు. బ్రష్షు మెత్తనిది వాడాలి, పళ్లు తోముకునేది కాదు అని పేజీడు రాశాడు. శనివారం మధ్యాహ్నానికి నూట పన్నెండు వ్యాఖ్యలు. తప్పు మాత్రం దొరకలేదు. లేదని ఆయన ఒట్టు వేస్తున్నాడు, వీళ్లు నమ్మడం లేదు.

నాకు మాత్రం అది చదివిన మొదటి నిమిషంలోనే కనబడింది.

ఆకుపచ్చ గుడ్డ కింద ఉన్న మిషన్ నాది. పందొమ్మిదేళ్ల కిందట దారం తెగుతోందని ఇచ్చాను. లోపల చిన్న స్ప్రింగు పోయిందన్నాడు, ఆ మోడలుది దొరకడం కష్టమన్నాడు. మొదటి ఏడాది రెండుసార్లు అడిగాను. "రావాలి అక్కగారూ," అన్నాడు. మూడోసారి అడగడానికి నాకు మొహమాటం, చెప్పడానికి ఆయనకి మొహమాటం. అలా పందొమ్మిదేళ్లు ఇద్దరం దానికి ఎదురుగా కూర్చుంటూ వచ్చాం.

శనివారం సాయంత్రం టాబ్ ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాసి చెరిపాను. బోర్డు మీది "నిశ్శబ్దం" గుర్తొచ్చింది. చివరికి నొక్కేశాను. నూట పదమూడో వ్యాఖ్య నాది.

"తప్పు ఉంది. నాలుగో పేరా. పై అరలో బెల్టుల పక్కన, ఆకుపచ్చ గుడ్డ కింద. పందొమ్మిదేళ్లయింది."

కింద కొట్టులో ఏదో ఇనపముక్క నేలమీద పడ్డ చప్పుడు మెట్ల మీదుగా పైకి వినిపించింది.

తర్వాత జరిగిన అల్లరి చెప్పనలవి కాదు. "దొరికాడు!" అని ఒకరు. "మీరెవరండీ? ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అని ఎర్రదారం. "పైన," అని రాశాను. దానికి అంతమంది ఎందుకు నవ్వారో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. గుండీ మాత్రం నవ్వలేదు. "ఏ మోడలు? ఎన్నో సంవత్సరంది? స్ప్రింగు ఫొటో పెట్టండి. అలాంటివి నా డబ్బాలో రెండున్నాయి," అని రాశాడు.

డాక్టరు గారు పైకి రాలేదు. రాత్రి ఎనిమిదింటికి నా వ్యాఖ్య కింద ఒక్క వాక్యం పెట్టాడు.

"మీరు చెప్పింది ఆలోచించాల్సిందే."

పది రోజులకి గుండీ దగ్గర్నుంచి అగ్గిపెట్టెలో దూదిలో చుట్టిన స్ప్రింగు వచ్చింది. కర్టెన్ల ఆవిడ వచ్చి అది బిగించేదాకా కూర్చుని చూసిందట. ఇప్పుడు ప్రతి టపాకీ మొదటి వరుసలో పెద్ద అక్షరాలతో "ఇందులో ఒక తప్పుంది, పట్టుకోండి" అని ఉంటుంది. అది సరిగ్గా ఉందో లేదో ప్రింటు తీయించి చూసుకునేది ఆవిడే. వెళ్లిపోతామన్న ఇద్దరిలో ఒకరు తిరిగొచ్చారు. ఇంకొకరు రాలేదు. ఆ ఒక్కరి పేరు ఆయన అప్పుడప్పుడూ నా దగ్గర ఎత్తుతూ ఉంటాడు.

నిన్న పొద్దున్న నా మిషన్ పైకి వచ్చింది. ఆయనా భార్యా చెరోవైపూ పట్టుకుని మెట్లెక్కి తెచ్చారు. కిటికీ పక్కన పెట్టి, ఆకుపచ్చ గుడ్డ ఉతికి మడతపెట్టి ఇచ్చి, నీళ్లు కూడా తాగకుండా దిగిపోయారు. నేను దారం ఎక్కించి, పాత దిండుగలీబు ఒకటి కింద పెట్టి, చక్రం తిప్పాను. చప్పుడు మెత్తగా, సాఫీగా ఉంది. గుడ్డ మీద మాత్రం ఒక్క కుట్టూ పడలేదు.

కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాను. సూది తిరగేసి పెట్టి ఉంది.

చెయ్యి వణికిందో, కావాలనే పెట్టాడో చెప్పలేను. కిందికి దిగి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నేను దిగలేదు. ఫొటో తీసి వ్యాఖ్యల్లో ఎలా పెట్టాలో వాళ్ల కోడలికి ఫోను చేసి కనుక్కుని, టాబ్ తెరిచాను.